పిస్తా పచ్చా, సేజ్ పచ్చా? గోడకు రంగు వేయించే ముందు తెలుసుకోవలసినవి

సంక్రాంతికి రెండు నెలల ముందు నుంచే మన రాయకోటలో నిచ్చెనలకు గిరాకీ పెరుగుతుంది. టమాటాకు మంచి ధర పలికిన ఏడాదైతే చెప్పనక్కరలేదు, వీధికి నాలుగిళ్లు రంగులు మార్చుకుంటాయి. ఆ రోజుల్లో సంఘం గదికి చందా కట్టడానికి వచ్చేవాళ్లు సంచిలో నుంచి ఒక షేడ్ కార్డు కూడా తీసి బల్ల మీద పెడతారు. "అన్నా, ఈ రెండింట్లో ఏది బాగుంటుందో కొంచెం చూడండి" అంటారు. నేను రంగుల పని చేసినవాణ్ణి కాను. ఉద్యోగమంతా గుమస్తాగా ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి. అయినా ఒకే ప్రశ్న పదిమంది అడిగితే దానికి ఒక ఫైలు తెరవడం నా అలవాటు. పెయింటర్లను అడిగి, అంగళ్లలో నిలబడి చూసి, మా ఇంట్లో ఒకసారి తప్పు చేసి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఈ మధ్య అందరి వేలూ ఆగేది రెండు పచ్చల మీదే. ఒకటి అంగడివాళ్లు పిస్తా అనేది. రెండోది సేజ్ అనేది. కంపెనీని బట్టి వీటికి వేరువేరు పేర్లూ నంబర్లూ ఉంటాయి గానీ, అడిగే తీరు మాత్రం ఇదే. కార్డు మీద రెండూ బొటనవేలంత చతురాలు. పక్కపక్కన ఉంటే అన్నదమ్ముల్లా కనబడతాయి. పది అడుగుల గోడ మీదికి ఎక్కాక మాత్రం ఒకదానికొకటి చుట్టరికమే లేదన్నట్టు ఉంటాయి.

తేడా ఎక్కడుందో చెప్పడానికి మన పెరట్లోని ఆకులు చాలు. అప్పుడే విచ్చుకున్న అరటాకును ఎండకు అడ్డంగా పట్టుకోండి. తెలుపు, పచ్చ, వాటి వెనకాల సన్నగా పసుపు. అదే పిస్తా. ఇప్పుడు జిల్లేడాకు తెండి. రథసప్తమి నాడు నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తామే, వినాయకచవితి పత్రిలో అర్కపత్రమని వేస్తామే, ఆ ఆకే. దాని మీద తెల్లటి బూడిద లాంటి పూత ఉంటుంది. వేలితో రుద్దితే ఆ పూత పోయి కింద అసలు పచ్చ బయటపడుతుంది. రుద్దకముందు కనబడిన రంగే సేజ్. సేజ్ అనేది నిజానికి ఐరోపా వాళ్లు వంటలో వాడే ఒక ఆకు పేరు. దాని మీద సన్నటి నూగు ఉండడం వల్ల అది బూడిద కలిసిన పచ్చగా కనబడుతుంది. ఆ మొక్కను మన ఊళ్లో చూసినవాళ్లు అరుదు గానీ, జిల్లేడును చూడనివాళ్లు ఉండరు. కాబట్టి నేను ఇంట్లో పిస్తాను లేత అరటాకు అనీ, సేజ్‌ను జిల్లేడాకు అనీ అంటాను. మా సంఘంలో వారాంతపు తెలుగు తరగతికి వచ్చే పిల్లలకు ఈ రెండు ఆకులూ చూపించి రంగు పేరు చెప్పమంటే అందరూ "గ్రీన్" అన్నారు. వాళ్ల తప్పు కాదు. చిలకపచ్చ, ఆకుపచ్చ, పెసరపచ్చ, నాచుపచ్చ అని ఇంట్లో మనం అంటేగదా వాళ్లకు వచ్చేది.

రంగు కలిపే వాళ్ల లెక్కలో చెప్పాలంటే, రెండింటికీ మొదలు తెల్లటి బేసే. పిస్తాలో ఆకుపచ్చ చుక్కలకు పసుపు చుక్కలు తోడవుతాయి. సేజ్‌లో ఆకుపచ్చకు కొంచెం నలుపు, కొంచెం మట్టి పసుపు కలుస్తాయి. ఆ నలుపు చుక్కలే అసలు తేడా. టింటింగ్ మెషీను దగ్గర నిలబడి చూస్తే ఏ గొట్టంలో నుంచి ఏది పడుతుందో తెలుస్తుంది. చూసి రండి, డబ్బులేమీ అడగరు.

సేజ్ ఇంత హఠాత్తుగా ఎక్కడ నుంచి వచ్చిందని కొందరు అడుగుతారు. అమెరికాలో పెయింట్ కంపెనీలు ఏడాదికొక రంగును ఆ ఏటి రంగు అని ప్రకటిస్తాయి. 2022కి షెర్విన్ విలియమ్స్ కంపెనీ ఎవర్‌గ్రీన్ ఫాగ్, బెంజమిన్ మూర్ కంపెనీ అక్టోబర్ మిస్ట్, పీపీజీ కంపెనీ ఆలివ్ స్ప్రిగ్ ఎంచుకున్నాయి. మూడూ బూడిద కలిసిన పచ్చలే. ఆ ఇళ్ల ఫోటోలు మన పిల్లల ఫోన్లలోకి వచ్చాయి, అక్కడ నుంచి హోసూరు అపార్టుమెంట్లకూ, తర్వాత మన వీధికీ దిగాయి. డాలసులోనో న్యూజెర్సీలోనో బాగున్న రంగు ఇక్కడ బాగుండకూడదని కాదు. అక్కడి ఎండ వేరు, నేల వేరు, దీపం వేరు. ఆ మూడూ కింద చెబుతాను.

అంతకంటే ముందు మాట సంగతి. మన తెలుగులో పచ్చ అంటే ఆకు రంగూ అవుతుంది, పసుపు రంగూ అవుతుంది. పచ్చకామెర్లు అంటాం, పచ్చగడ్డి అంటాం. అందుకే ఆకుపచ్చ, పసుపుపచ్చ అని విడగొట్టి చెప్పుకోవలసి వచ్చింది. తమిళంలో ఆ గొడవ లేదు. పచ్చై అంటే ఆకుపచ్చ, మంజళ్ అంటే పసుపు. రెండు భాషలూ ఒకే వీధిలో తిరిగే మన ఊళ్లో ఇది ఎంత దూరం పోతుందంటే, మాకు తెలిసిన ఒక ఇంట్లో అవ్వ "గడపకు పచ్చ పూయి నాయనా" అని చెప్పి గుడికి పోయింది. ఆమె అడిగింది పసుపు. పెయింటర్ అబ్బాయి తమిళ పిల్లవాడు, శ్రద్ధగా ఆకుపచ్చ ఎనామెల్ రెండు కోట్లు వేసి పెట్టాడు. అవ్వ తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ గడప ఇప్పటికీ పచ్చగానే ఉంది, దాని మీదే పసుపు రాసుకుంటున్నారు. అంగట్లో గానీ పెయింటరుతో గానీ వట్టి పచ్చ అనకండి. తెలుగులో చెప్పినా తమిళంలో చెప్పినా, చివరికి నంబరు చెప్పి ముగించండి.

ఇక మా ఇంటి సంగతి. నడిమి గదికి రంగు మార్చాలనుకున్నప్పుడు మా ఆవిడ జిల్లేడాకు రంగు కావాలంది. నేను అంగట్లో కార్డు చూసి రెండూ ఒకటేగదా అని, చవకగా ఉన్న డబ్బా తీసుకుని వచ్చాను. అది పిస్తా. గోడ మీద మొదటి కోటు ఆరగానే ఆమె "ఇది నేనడిగింది కాదు" అంది. నేను కార్డు తెచ్చి చూపించాను. ఇటు చూసినా అటు చూసినా నా కంటికి రెండూ ఒకటే. నీకు చాదస్తం అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు. రెండో కోటు కూడా పడింది.

ఆ తర్వాత ఆరేడు నెలలకు నా కుడికంటికి శుక్లాల ఆపరేషను అయింది. ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం ఊరికే కూర్చుని ఆ గోడను ఎడమకంటితో ఒకసారి, కుడికంటితో ఒకసారి చూశాను. ఆపరేషను కాని కంటికి గోడ మెత్తటి పాతరంగులా, అచ్చం ఆమె అడిగినట్టే ఉంది. ఆపరేషనైన కంటికి పసుపు కొట్టొచ్చినట్టు మెరుస్తోంది. షేడ్ కార్డు తెమ్మన్నాను. కుడికంటితో చూస్తే రెండు చతురాలకూ పొంతనే లేదు. ఆమె చూస్తున్నది మొదటి నుంచీ అదే.

ఇందులో వింతేమీ లేదని డాక్టరు చెప్పారు. వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపు బారుతుంది. శుక్లం ముదిరితే ఇంకా ఎక్కువ. ఆ పసుపు పొర నీలపు వెలుతురును లోపలికి పోనివ్వదు. దాంతో బూడిదరంగులోని చల్లదనం కనబడక, పిస్తా, సేజ్ రెండూ ఒకే తీరుగా తోస్తాయి. క్లోడ్ మోనే అని ఫ్రాన్సులో గొప్ప చిత్రకారుడు, ఆయనకు 1923లో కుడికంటికి ఈ ఆపరేషనే జరిగింది. తర్వాత రంగులు మారి కనబడుతున్నాయని చాలా ఇబ్బంది పడ్డాడట. అంతటివాడికే తప్పనిది గుమస్తాకు తప్పుతుందా? నేను చెప్పొచ్చేది ఒకటే. ఇంటి పెద్ద అరవై దాటినవాడైతే రంగు ఎంపికను ఒక్కడే చేయకూడదు. శుక్లాల ఆపరేషను దగ్గర్లో ఉంటే అది అయ్యేదాకా గోడల పని ఆపుకోవడం మంచిది. ఇద్దరికి రెండు రకాలుగా కనబడితే ఎవరో ఒకరు మొండి అని కాదు, కళ్లు వేరు.

ఇప్పుడు ఎండ. రంగుల గురించి ఇంగ్లీషులో చదివిన పిల్లలు "నాన్నా, మనది ఉత్తరపు గది, చల్లటి వెలుతురు, సేజ్ వేస్తే మబ్బు పట్టినట్టు ఉంటుంది" అంటారు. ఆ మాట అమెరికాకూ ఐరోపాకూ సరే. అక్కడ ఉత్తరపు కిటికీలో మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పటికీ కనబడడు. మనం ఉన్నది భూమధ్యరేఖకు పన్నెండున్నర డిగ్రీల ఉత్తరాన. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. మిగతా నెలల్లో దక్షిణం వైపు. కాబట్టి మన ఉత్తరపు గది ఎండాకాలంలో ఒక రంగు, చలికాలంలో ఒక రంగు చూపిస్తుంది. ఆషాఢంలో చూసి నచ్చిన పచ్చ ధనుర్మాసంలో దిగులుగా కనబడితే పెయింటరును తిట్టకండి. సంక్రాంతికి రంగు వేయించేవాళ్లు ఎంచుకునేది చలికాలపు వెలుతురులో అని గుర్తుపెట్టుకుంటే చాలు.

తూర్పు, పడమర గదులకు లెక్క సులువు. తూర్పు గదిలో పొద్దున తొమ్మిది దాకా పిస్తా వెన్నలా ఉంటుంది, తర్వాత తేలిపోతుంది. పడమటి గదిలో సాయంత్రపు ఎర్రెండ పడితే పిస్తా నిమ్మకాయ రంగుకు తిరుగుతుంది. నాకు అది నచ్చదు. అదే ఎండలో సేజ్ మాత్రం వెచ్చబడి, రోజులో అన్నిటికంటే అందంగా ఉండేది అప్పుడే. కిటికీ బయట మామిడిచెట్టు ఉన్న ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. ఆకుల మీద నుంచి పడే వెలుతురే పచ్చగా ఉంటుంది కాబట్టి, గోడ మీది పచ్చ ఇంకొంత చిక్కబడుతుంది. అలాంటి గదికి కార్డులో ఒక మెట్టు పలచటిది తీసుకోండి.

రాత్రి దీపం పగటి ఎండ కంటే ముఖ్యం అంటాను, ఎందుకంటే ఇంట్లో అందరూ ఒకచోట కూర్చునేది దీపం కిందే. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి తెల్లటి ఎల్ఈడీలు. డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటుంది. ఆ వెలుతురులో సేజ్‌లోని బూడిద పైకి వచ్చి, గోడకు సిమెంటు పూసి వదిలేసినట్టు ఉంటుంది. పిస్తా మాత్రం శుభ్రంగా ఉంటుంది. 3000 కెల్విన్ పసుపు దీపం కింద సరిగ్గా తలకిందులు. పిస్తా మరీ పసుపెక్కుతుంది, సేజ్‌కు ప్రాణం వస్తుంది. సేజ్ వేయించుకుని బాగాలేదని బాధపడినవాళ్లలో కొందరికి నేను చెప్పింది రంగు మార్చమని కాదు, బల్బు మార్చమని. 4000 కెల్విన్ బల్బు పెట్టుకుంటే రెండిటికీ మధ్యేమార్గం.

నేల సంగతి చాలామంది పట్టించుకోరు. మన పాత ఇళ్లలో ఎర్ర గచ్చు నేలలున్నాయి, రెడ్ ఆక్సైడ్ కలిపి నునుపుగా తీసినవి. ఎరుపు పక్కన ఆకుపచ్చ పెడితే రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. ఇది కంటి స్వభావం. షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పారిస్‌లో గోబెలిన్ అద్దకపు పనుల మీద అధికారిగా ఉండగా, నల్లదారం రంగు సరిగా లేదని వచ్చిన ఫిర్యాదులు పరిశీలించి, తప్పు అద్దకంలో లేదు పక్కనున్న రంగులో ఉంది అని తేల్చాడు. దాని మీద 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. ఈ సూత్రాన్నే తిప్పి వాడుకున్నవాడు శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ హ్యారీ షెర్మన్. తెల్లగోడల మధ్య రక్తం చూసి చూసి కళ్లు అలసిపోతున్నాయని 1914లో తన ఆపరేషను గదికి పాలకూర రంగు వేయించాడు. ఆసుపత్రుల్లో పచ్చరంగు వాడుక బలపడడానికి ఆయన పని ఒక కారణం.

మన గదికి వస్తే, ఎర్ర గచ్చు మీద పిస్తా వేస్తే గోడ అరుస్తున్నట్టు ఉంటుంది. సేజ్ వేస్తే, ఎరుపు దానిలోని పచ్చను కొంచెం పైకి లాగుతుంది, బూడిద వెనక్కి పోతుంది, రెండూ సర్దుకుంటాయి. మా ఊళ్లో నేను చూసినంతలో సేజ్ బాగా కుదిరిన ఇళ్లన్నీ ఎర్ర నేలవే. తెల్ల టైల్సు వేసిన కొత్త ఇళ్లకు ఈ లాభం లేదు, అక్కడ పిస్తాయే తేలిగ్గా ఉంటుంది. నల్లటి గ్రానైటు గానీ కడప బండ గానీ పరిచిన చోట సేజ్ వేస్తే కింద నలుపు, పైన బూడిద అయి గది కుంగిపోతుంది. టేకు తలుపులకు రెండూ సరిపోతాయి.

గోడ ఎంత వెలుతురును తిరిగి ఇస్తుందో చెప్పే లెక్క ఒకటి ఉంది, ఎల్.ఆర్.వి. అంటారు. పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 100. కొన్ని కంపెనీలు దీన్ని కార్డు వెనకాల గానీ వెబ్‌సైటులో గానీ ఇస్తాయి. పేరు చూసి మోసపోకుండా ఇది కాపాడుతుంది. షెర్విన్ విలియమ్స్ వాళ్ల క్లారీ సేజ్‌కు 41, పైన చెప్పిన ఎవర్‌గ్రీన్ ఫాగ్‌కు 30. ఫోటోల్లో రెండింటినీ సేజ్ అనే అంటారు, కానీ ఒకటి గదిలో మరొక కిటికీ మూసినంత పని చేస్తుంది. పిస్తా రకాలు చాలావరకు 60కి పైనే ఉంటాయి. మన పాత ఇళ్లలో నడిమి గదికి ఒకే కిటికీ, అదీ పంచలోకి తెరుచుకునేది. అలాంటి గదికి 50 కంటే తక్కువ వేస్తే పగలు కూడా దీపం వెలిగించుకోవాలి.

అయితే పెద్దవాళ్లు పడుకునే గదికి మాత్రం నేను సేజ్ వైపే మొగ్గుతాను. చూపు తగ్గినవాళ్లకు తెల్లటి స్విచ్చు బోర్డు, తెల్లటి తలుపు చట్రం గోడలో కలిసిపోకుండా కనబడాలి. పిస్తా గోడ మీద తెల్ల స్విచ్చు రాత్రి చేతికి దొరకదు. వంటింటికి పిస్తా మేలు. తాలింపు ఆవిరికి గోడ కాలక్రమాన పసుపు బారుతుంది, ఆ పసుపు పిస్తాలో కలిసిపోతుంది. సేజ్ మీద అదే జిడ్డు మురికిగా కనబడుతుంది. పూజగదిని వదిలేయండి. అక్కడ పసుపు, కుంకుమ, దీపం మసి ఉండగా లేతపచ్చ ఏదైనా ఏడాది తిరక్కుండానే అలసిపోతుంది.

పరీక్ష ఎలా చేయాలంటే, రెండు రంగులకూ చిన్న డబ్బాలు కలిపించుకోండి. గోడ మీద నేరుగా పూయకండి. పాత రంగు పక్కన కొత్తది ఎప్పుడూ అబద్ధం చెబుతుంది. రెండడుగుల తెల్ల అట్టలు రెండు తీసుకుని, చుట్టూ రెండు వేళ్ల తెలుపు వదిలి, రెండేసి కోట్లు వేసి పూర్తిగా ఆరనివ్వండి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు పాలలా ఉంటుంది, ఆరాక ఒక పిసరు ముదురుతుంది. ఆ అట్టలను రోజుకొక గోడకు ఆనించి పొద్దున, మధ్యాహ్నం, దీపాల వేళ చూడండి. నిలువుగానే పెట్టి చూడాలి, నేల మీద పడేసి కాదు. ఇంట్లో రంగును ఎక్కువగా చూసేది ఎవరో వాళ్లను అడగండి. ఒక్క అట్ట చూసి నచ్చినదానికంటే నాలుగు గోడలూ ఒకే రంగైనప్పుడు గది మరింత చిక్కగా కనబడుతుంది. ఒక గోడ వెలుతురు ఎదుటి గోడ మీద పడి రంగు రెట్టింపవుతుంది. అందుకే రెండు మెట్ల మధ్య సందేహం వస్తే పలచటిదానికే ఓటు.

కొలత చెబుతాను. పది పన్నెండు అడుగుల గది, పదడుగుల ఎత్తు అనుకుందాం. నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు, పదితో గుణిస్తే 440 చదరపు అడుగులు. మూడు ఏడడుగుల తలుపు ఒకటి, నాలుగు నాలుగడుగుల కిటికీ ఒకటి తీసేస్తే 403. కంపెనీలు డబ్బా మీద రాసే లెక్క నునుపైన గోడకు. మన గోడలకు రెండు కోట్లకు లీటరుకు వంద అడుగులు అనుకోండి. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి సరిగ్గా సరిపోతుంది, కానీ మరమ్మతుకు చుక్క మిగలదు, కాబట్టి ఇంకో లీటరు కూడా ఒకేసారి కలిపించండి. తర్వాత తెప్పిస్తే నంబరు ఒకటే అయినా రంగు వెంట్రుకవాసి తేడా రావచ్చు. రెండు డబ్బాలనూ పెద్ద బక్కెట్లో కలిపి వాడుకుంటే ఆ బాధ ఉండదు. ఒక కంపెనీ నంబరు చూపించి ఇంకో కంపెనీ డబ్బాలో కలపమంటే కలుపుతారు, కానీ సేజ్ లాంటి బూడిద రంగులు అలా చేస్తే అచ్చంగా రావు. పిస్తా కొంచెం క్షమిస్తుంది, సేజ్ క్షమించదు. అలాగే మెరుపు లేని మ్యాట్‌లో చూసిన రంగును మెరుపు రకంలో కలిపిస్తే వేరుగా ఉంటుంది. కొత్తగా పూసిన గోడైతే కనీసం 28 రోజులు ఆరనిచ్చి, ప్రైమర్ వేశాకనే రంగు. సిమెంటులోని సున్నపు గుణం కొన్ని రంగులను తినేస్తుంది.

చివరగా చెప్పేది అన్నిటికంటే ముఖ్యమైనది, మీరు కొనబోయే పచ్చ గురించి కాదు, గీకబోయే పచ్చ గురించి. పాత ఆఫీసులూ బడులూ గుర్తున్నాయా? నడుము ఎత్తు దాకా పచ్చ ఆయిల్ పెయింట్, పైన వెల్ల. ఇళ్లలో కూడా వంటింటికీ కిటికీ చువ్వలకూ అదే వాడేవాళ్లం. పాతకాలపు పచ్చ ఎనామెళ్లలో చాలా వాటికి ఆ రంగు క్రోమ్ పసుపును నీలంతో కలపడం వల్ల వచ్చేది. క్రోమ్ పసుపు అంటే సీసం కలిసిన పదార్థం. పచ్చరంగు మనుషులను దెబ్బతీయడం కొత్త కాదు. స్వీడన్‌లో షీలె 1775లో కనిపెట్టిన పచ్చలో ఆర్సెనిక్ ఉండేది, ఐరోపాలో గోడ కాగితాలకు కూడా దాన్ని వాడారు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అంతకు ముందు వేసిన పచ్చ ఎనామెల్ ఏ గోడ మీద ఉన్నా అందులో సీసం ఉందనుకునే పని చేయాలి.

మా సంఘం చదువు గదికి అలాంటి పచ్చే ఉండేది. కొత్త రంగు వేయించాలని తీర్మానం అయింది, చందాలు వచ్చాయి, పెయింటర్ ఉప్పుకాగితం చేతపట్టుకుని పొడిగోడ రుద్దడం మొదలుపెట్టాడు. పక్క గదిలో పిల్లల తరగతి జరుగుతోంది. తలుపు కింద నుంచి పచ్చటి దుమ్ము వరండాలోకి వచ్చి వాళ్ల చెప్పుల మీద వాలింది. మా సభ్యురాలు ఒకామె, రిటైరైన నర్సు, అది చూసి పని ఆపించింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను, నాకు తోచనే లేదు. సీసపు దుమ్ము పెద్దవాళ్ల కంటే చిన్నపిల్లల మెదడుకు ఎక్కువ చేటు అనీ, నేల మీద పడింది చేతికి అంటి నోట్లోకి పోతుందనీ ఆమె వివరించాక తరగతిని రెండు వారాలు మా ఇంటి వసారాలోకి మార్చాం. గోడను నీళ్లు చల్లుతూ తడిగా రుద్దించాం, పెయింటరుకు మంచి మాస్కు కొనిచ్చాం, చీపురు పట్టనివ్వకుండా తడిగుడ్డతో మూడుసార్లు తుడిపించాం. నిజానికి పాత పెయింట్ గట్టిగా పట్టుకుని ఉంటే గీకనే అక్కరలేదు, దాని మీదే ప్రైమర్ వేసి మూసేయవచ్చు. ఇంట్లో పసిపిల్లలో గర్భిణులో ఉంటే ఆ పని జరిగే రోజుల్లో వాళ్లను చుట్టాలింటికి పంపండి.

ఆ గదికి చివరికి ఏ పచ్చ వేశామంటే, కమిటీలో ముగ్గురు పిస్తా అన్నారు, ఇద్దరు సేజ్ అన్నారు. అట్టలు వారం రోజులు గోడకు ఆనించి ఉంచాం. ఎర్ర గచ్చు నేల, పడమటి కిటికీ, సాయంత్రం ఐదింటికి తరగతి. నాలుగో రోజుకు ఇద్దరు మనసు మార్చుకున్నారు. జిల్లేడాకే వేశాం, 4000 కెల్విన్ బల్బులు పెట్టాం. రంగు నంబరు, బేస్ పేరు, కలిపించిన తేదీ, ఎన్ని లీటర్లు అన్నది సంఘం స్టాకు రిజిస్టరులో రాసి, డబ్బా మూత మీది చీటీ అక్కడే అంటించాను. మా నడిమి గది ఇంకా పిస్తాగానే ఉంది. ఎడమకంటి ఆపరేషను కూడా అయ్యాక మార్చుకుందాం అంది మా ఆవిడ, ఈసారి అంగడికి తనే వస్తానని కూడా చెప్పింది.